మేస్త్రికి కప్పాల్సిన శాలువా

“రానంటే రానన్నాడు. మళ్లీ అడిగేలోపు ఫోన్ పెట్టేశాడు.”

బ్లెస్సన్ ఫోన్‌ను వంటింటి బల్ల మీదికి విసిరాడు. అది జారుకుంటూ పోయి శాలువా పెట్టెకు తగిలి ఆగింది. శనివారం పొద్దున ఎనిమిది కూడా కాలేదు. ఆక్లాండ్ శివారు ఫ్లాట్ బుష్‌లోని ఆ ఇంట్లో అప్పటికే ముగ్గురు మనుషులు మూడు వైపులకు తిరిగి ఉన్నారు.

రేపు పదిన్నరకు సంఘంలో సన్మానం. పాస్టర్ గారు పోయిన ఆదివారమే ప్రకటించేశారు. “తుపానులో మునిగిన ఇంటిని నిలబెట్టిన మన ఇంజనీరు షాలెం గారికి వందనాలు” అని బ్యానరు కూడా అచ్చయి వచ్చింది. తీరా ఆ వందనాలు అందుకోవాల్సిన పెద్దమనిషి, బ్లెస్సన్ తండ్రి, ఏడు గంటల ప్రయాణం అవతల, వైరోవా ఊళ్లో ఉండిపోయి, నాకొద్దు పొమ్మన్నాడు.

“కారణం చెప్పారా మావయ్య?” అంది అతని భార్య జెన్సీ. హాస్పిటల్ డ్యూటీకి బయల్దేరబోతూ యూనిఫాం మీద బ్యాడ్జి పెట్టుకుంటోంది.

“చెప్పాడు.”

“ఏమని?”

బ్లెస్సన్ తల్లి వైపు చూశాడు. రాహేలమ్మ బెండకాయలు తరుగుతోంది. కత్తి చప్పుడు తప్ప ఆమె దగ్గర్నుంచి ఇంకేమీ రాలేదు.

“ ‘ఇంజనీరుకి సన్మానమైతే ఆ ఇంజనీరెవరో వెతికి ఆయనకే కప్పుకోండి. మేస్త్రికైతే వస్తా’ అన్నాడు.”

జెన్సీ ఫక్కున నవ్వింది.

“నవ్వుతావేంటి?”

“ఏడవమంటారా? తొమ్మిదేళ్ల నుంచి ఈ రోజు ఎప్పుడొస్తుందా అని చూస్తన్నా నేను.”

షాలెం ముప్పై ఏడేళ్లు తాపీ పని చేసిన మనిషి. దివిసీమ నుంచి బందరు దాకా, బందరు నుంచి బెజవాడ దాకా ఆయన చేతి గోడలు నిలబడి ఉన్నాయి. కొడుకు దగ్గరికి న్యూజిలాండ్ వచ్చిన మొదటి ఆదివారం, ప్రార్థన అయ్యాక తారాబాయి ఆంటీ అడిగింది, “నాన్నగారు ఇండియాలో ఏం చేసేవారు?” అని. “బిల్డింగ్ లైన్లో ఉండేవారు ఆంటీ” అన్నాడు బ్లెస్సన్. “ఓహో, ఇంజనీరా?” అందావిడ. బ్లెస్సన్ కాదనలేదు, అవుననలేదు, నవ్వాడు. ఆ నవ్వుకు ఇప్పుడు తొమ్మిదేళ్లు.

అది నవ్వుతో ఆగినా బాగుండేది. క్రిస్మస్ వెళ్లిన రెండో రోజు సంఘంలోంచి పన్నెండుమంది, తుపానుకు మునిగిన వైరోవాకు ఇళ్లు బాగుచెయ్యడానికి వాలంటీర్లుగా వెళ్లారు. వాళ్లందరికన్నా ముందు చెయ్యెత్తింది షాలెమే. తండ్రి తరఫున ఫారం నింపుతూ, ఏ పని వచ్చు అన్న చోట, బ్లెస్సన్ ‘రిటైర్డ్ ఇంజనీర్’ అని రాసి పంపాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. ఇతగాడు ఆ అడుసులో ఇల్లే కట్టుకున్నాడు.

“మీరు రాసిన ఆ రెండు ముక్కల వల్ల ఏమైందో తెలుసా?” అంది జెన్సీ. “మావయ్య చేతికి తాపీ ఇవ్వాల్సింది పోయి క్లిప్‌బోర్డు ఇచ్చారు. పది రోజులు హెల్మెట్ పెట్టుకుని ఊరికే తిప్పారు. నాకు ఫోన్ చేసి ‘అమ్మాయ్, చేతులు పీకుతున్నాయే పని లేక’ అన్నారు.”

“అరవై రెండేళ్ల మనిషి బరువులు మొయ్యకూడదనే రాశాను.”

“ఆ మాట మీరు నమ్ముతున్నారా?”

బ్లెస్సన్ కిటికీలోంచి వీధిలోకి చూశాడు. ఎదురింటి వాకిట్లో ట్రెయిలర్ మీద తెల్లటి పడవ మెరుస్తోంది. ఆ ఇంటాయన గోడలకు ప్లాస్టరు పని చేస్తాడు. ఆ సంగతి తన వ్యాను మీద పెద్దక్షరాలతో రాయించుకుని మరీ తిరుగుతాడు. వీధిలో ఒక్కరూ ఆయన్ని తక్కువగా చూడలేదు. బ్లెస్సన్ కూడా చూడలేదు.

“సన్మానం దేనికి చేస్తున్నారండీ అసలు?” జెన్సీ వదల్లేదు. “గోడ అడుగున బురద కనిపెట్టినందుకేగా?”

అందుకే. సంఘం వాళ్ల పది రోజులు అయిపోవచ్చాయి. గోడల చెక్క చట్రాలకు బోర్డులు బిగించేసి, కొత్త గోడల ముందు నిలబడి ఫొటో దిగి ఇంటికి రావాలని అందరికీ ఉబలాటంగా ఉంది. చెక్కలు ఆరినట్టు తడి కొలిచే మీటరు చూపిస్తోంది. పని చూసే క్రెయిగ్, అంతా ఆరిందన్న కాగితం తెచ్చి ‘ఇంజనీరు’ గారి సంతకం అడిగాడు. షాలెం సంతకం పెట్టలేదు. వంటింటి మూల గొంతుక్కూర్చుని, నేలకూ అడుగు చెక్కకూ మధ్య సందులో మేకు దూర్చి గీకాడు. తడి ఒండ్రుమట్టి ముద్దగా బయటికొచ్చింది. ఇంటి చుట్టూ అదే వరస. పైన ఆరింది కానీ కింద ఇంకా నాని ఉంది. దాని మీద బోర్డులు బిగించి ఉంటే వానాకాలం తిరిగేసరికి గోడలన్నీ బూజెక్కి ఉండేవి.

మిగతావాళ్లు ఆక్లాండ్ తిరిగొచ్చి కథలు కథలుగా చెప్పారు. “ఇంజనీరు కన్నంటే అదీ!” అన్నారు.

“ఆ మాటే ఆయనకు గుచ్చుకుంది,” అంది జెన్సీ. “ఆ కన్ను చదువుకుని తెచ్చుకుంది కాదు. పని చేసి తెచ్చుకుంది. మీరంతా కలిసి దాన్ని ఆయన దగ్గర్నుంచి లాగేసుకున్నారు.”

ఫోన్ మోగింది. తారాబాయి ఆంటీ. గోరుచుట్టు మీద రోకటిపోటు. పక్క పేట బోటనీలో ఉండే ఈవిడకు సంఘంలోని నలభై కుటుంబాల పుట్టుపూర్వోత్తరాలూ కంఠతా వచ్చు.

“బ్లెస్సన్, నాన్నగారికి కుర్చీ స్టేజీ మీద వెయ్యమంటావా, కింద వెయ్యమంటావా? మోకాళ్ల నొప్పులేమైనా ఉన్నాయా?”

“అదీ ఆంటీ... నాన్న ఇంకా బయల్దేరలేదు. చూస్తున్నాం.”

“చూడ్డమేంటయ్యా? నూట ఇరవై మందికి బిర్యానీ చెప్పాం. ఇంజనీరు గారు రెండు మాటలు మాట్లాడాలని పాస్టర్ గారు మరీమరీ చెప్పారు.”

“తీసుకొస్తానాంటీ. నేనే వెళ్తున్నా.”

ఫోన్ పెట్టేసి కారు తాళాలు అందుకున్నాడు. “ఇప్పుడు బయల్దేరితే మూడున్నరకల్లా అక్కడుంటా. ఎలాగో ఒప్పించి ఆరింటికి ఎక్కిస్తా.”

బెండకాయల మీద కత్తి చప్పుడు ఆగింది.

“నేనూ వస్తా,” అంది రాహేలమ్మ.

“నువ్వెందుకమ్మా అంత దూరం?”

“ఆయన సంచిలో తాపీ పెట్టింది నేనే.”

బ్లెస్సన్‌కు వెంటనే అర్థం కాలేదు. “ఏ తాపీ?”

“ఆయన తాపీయే. ఇండియా నుంచి వచ్చేప్పుడు నా చీరల అడుగున తెచ్చా. తొమ్మిదేళ్లు నీ కంటపడకుండా దాచా. మొన్న ఆయన బయల్దేరుతుంటే బట్టల మధ్య పెట్టి పంపా.” చేతులు కడుక్కుని తుడుచుకుంది. “పద.”

జెన్సీ అత్తగారి దగ్గరికి వెళ్లి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

*

కారు హామిల్టన్ దాటింది. టౌపో సరస్సు దాటింది. రాహేలమ్మ దారిలో కొన్న శాండ్‌విచ్ విప్పను కూడా విప్పలేదు.

“అమ్మా, ఏదో ఒకటి అను. తిట్టు కావాలంటే.”

“నన్నేమని చెప్పావురా సంఘంలో?”

“నిన్నా? ఏం చెప్పాను? హౌస్ వైఫ్ అని.”

“హౌస్ వైఫా!” రాహేలమ్మ ఆ మాటను ఒకసారి లోపలే తిప్పి చూసుకున్నట్టుంది. “మీ నాన్న గోడ కడితే తట్ట మోసింది నేను. నువ్వు ఇంటరు చదివేటప్పుడు బందరులో మూడంతస్తుల మేడ కట్టాం, గుర్తుందా? మూడో అంతస్తు దాకా నెత్తి మీద ఇటుకలు ఎక్కించా. ఆ మేడ ఇప్పటికీ చెక్కుచెదరలా. బస్సు ఆ దారిన పోతే కిటికీ పక్కకి జరిగి మరీ చూసుకునేదాన్ని, ఇది మాదే అనిపించేది. చూసుకోబుద్ధయ్యేది నాకు. నీకేమో చెప్పబుద్ధి కాలా.”

“మీరంటే నాకు చిన్నతనమని కాదమ్మా.”

“మరి?”

మనసుకు తోచిన జవాబు తనకే వినబుద్ధి కానిది. హామిల్టన్‌లో చదువుకునే రోజుల్లో ఫ్లాట్‌లో ఉన్న ఐదుగురూ తండ్రుల గురించి గొప్పలు చెప్పుకునేవారు. ఒకడి నాన్న డాక్టరు, ఇంకొకడి నాన్న తహసీల్దారు. తన వంతు వచ్చినప్పుడల్లా బ్లెస్సన్ టీ పెట్టడానికి లేచేవాడు. అప్పుడు మొదలైన అలవాటు ఇది. సిగ్గుకు కారణం తండ్రి కాదు, తన పిరికితనమే. అది ఇప్పుడు, ఈ కొండల మధ్య స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నప్పుడు స్పష్టంగా తెలుస్తోంది.

“పేతురు యేసుని ఎరగనని మూడుసార్లే బొంకాడు నాయనా,” అంది రాహేలమ్మ మెల్లగా. “కోడి కుయ్యగానే ఏడ్చాడు. నీ కోడి ఎప్పుడు కూస్తుందో మరి.”

నేపియర్ దాటాక రోడ్డు మలుపులు తిరిగింది. ఫిబ్రవరి తుపానుకు విరిగిపడిన కొండచరియలు పదకొండు నెలలైనా ఎర్రటి గాయాల్లాగే ఉన్నాయి.

*

వైరోవాలో ఆ ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. వీధిలో తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి ఉన్నది అదొక్కటే. వాకిట్లో చక్రాల మీద చిన్న క్యాబిన్. దాని మెట్టు మీద ఒక మావోరీ పెద్దావిడ కూర్చుని చిలగడదుంపలు చెక్కు తీస్తోంది. మునిగిన ఇల్లు ఆమెదే, పదకొండు నెలలుగా ఆ క్యాబినే ఆమె ఇల్లు. పేరు మెరె. ఊళ్లో అందరికీ మెరె ఆంటీ.

“నువ్వు మటువా కొడుకువా?” అంది ఇంగ్లీషులో, బ్లెస్సన్‌ను పైనుంచి కింద దాకా చూసి. పెద్దాయనను గౌరవంగా పిలిచే మాటట అది, వాళ్ల భాషలో. “లోపలికి వెళ్లు. కానీ ఆయన్ని పలకరించకు. గోడ పైవైపు ప్లాస్టరు చేస్తున్నాడు.”

బ్లెస్సన్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

షాలెం వంటింట్లో బల్ల మీద నిలబడి ఉన్నాడు. ఎడమ చేతిలో పలక, దాని మీద తెల్లటి ప్లాస్టరు ముద్ద. కుడి చేతిలో తాపీ. మట్టంతా గీకి ఆరబెట్టాక బిగించిన బోర్డుకూ బోర్డుకూ మధ్య అతుకు మీద కాగితం పట్టీ అంటించి ఉంది. తాపీ కొసతో ప్లాస్టరు ఎత్తడం, ఒక్క లాగు లాగడం, అంచు సవరించడం. మళ్లీ ఎత్తడం. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆగడం లేదు. ఒక్క చుక్క కింద పడలేదు. అతుకు ఉన్న చోటు కంటికి కనపడకుండా పోయింది.

తండ్రి పని చెయ్యడం చూసి ఇరవయ్యేళ్లు దాటింది. ఫ్లాట్ బుష్ సోఫాలో టీవీ రిమోట్ పట్టుకుని ఒదిగి కూర్చునే ముసలాయన ఈయనేనా అనుకున్నాడు బ్లెస్సన్. నడుం నిటారుగా ఉంది. మెడ మీద చెమట. పెదాల మధ్య ఏదో పాత కీర్తన. చూసేకొద్దీ లోపల ఒకటి పొంగుకొచ్చింది. గర్వం. దానికి ఇంకో పేరు లేదు.

“చూశావా?” పక్కకొచ్చి నిలబడ్డాడు క్రెయిగ్. తెల్ల జుట్టు, షార్ట్స్, మోకాళ్ల నిండా దుమ్ము. జీవితమంతా ఇళ్లు కట్టి, రిటైరయ్యాక ఇక్కడ ఊరికే పని చేస్తున్నాడు. “ఇసుక కాగితం పట్టే పని లేకుండా గోడ నున్నగా తేల్చేవాళ్లను నా జన్మలో ఇద్దర్నే చూశాను. రెండోవాడు మీ నాన్న.”

బ్లెస్సన్ థాంక్స్ చెప్పాడు.

“ఒక్క సంగతి అర్థం కాలేదు నాకు. ఫారంలో ఇంజనీరని ఎవరు రాశారు? సంతకం అడిగినప్పుడు కూడా ఆయన నోరు విప్పలేదు. మీ వాళ్లందరూ వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చి, ‘నో ఇంజనీర్, ఐ మేస్త్రి’ అని చేతులు చూపించాడు. పది రోజులు పాడుచేశానే అని తల కొట్టుకున్నా. జనవరి వేసవి సెలవుల్లో ప్లాస్టరు చేసేవాళ్లు దొరకాలంటే దేవుడు దిగి రావాలి. మేస్త్రి అని రాసుంటే ఎదురెళ్లి తెచ్చుకునేవాణ్ణి కదా!”

అతను నిష్కల్మషంగానే అడిగాడు. చెంప మీద కొట్టి అడిగినా బ్లెస్సన్‌కు అంత తగిలేది కాదు.

*

సాయంత్రం ఆరైనా ఎండ పెళ్లున కాస్తూనే ఉంది. వెనక మెట్ల మీద షాలెం చేతులు కడుక్కుంటున్నాడు. రాహేలమ్మ తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది. భార్యాభర్తలిద్దరూ ఇంతవరకు మాట్లాడుకున్నది ఒక్కటే మాట. “తిన్నావా?” అని ఆయన, “ఆఁ” అని ఆమె. అది అబద్ధమే.

“నాన్నా, ఒక్కసారి రండి,” అన్నాడు బ్లెస్సన్. “రేపటికి మాత్రం. శాలువా కప్పించుకోండి, రెండు మాటలు మాట్లాడండి. సోమవారం నేనే మళ్లీ ఇక్కడ దింపుతా. ఆ తర్వాత సంఘంలో అందరికీ మెల్లగా చెప్తా.”

“మెల్లగా అంటే ఎప్పుడు? నా సమాధి రాయి మీదా?”

“అది కాదు నాన్నా.”

“నేను సిగ్గుపడే పని ఏం చేశానో చెప్పు. దొంగతనం చేశానా? వంకర గోడ కట్టానా? సిమెంటు తగ్గించి ఇసక కలిపానా?”

“ఏదీ చెయ్యలేదు.”

“మరెందుకురా నన్ను దాచావు?”

నది మీంచి గాలి వీస్తోంది. వాకిట్లో మెరె ఆంటీ ఎవరితోనో పెద్దగా నవ్వుతోంది.

షాలెం మెట్టు మీద కూర్చున్నాడు. కోపం దిగిపోయిన గొంతుతో మాట్లాడాడు.

“డెబ్బై ఏడు ఉప్పెనకి నాకు పదహారేళ్లు. మా పేటలో నిలబడ్డ ఇల్లు ఒక్కటి లేదు. మా అమ్మ లేదు, చెల్లి లేదు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి మాకు కాలనీ కట్టారు. వాళ్ల మాట మాకు తెలీదు, మా మాట వాళ్లకి తెలీదు. ఒకాయన నాకు తాపీ ఇచ్చి, చెయ్యి పట్టుకుని గోడ మీద లాగించాడు. నేను మొట్టమొదట కట్టింది నా ఇంటి గోడేరా. ఆయన పేరు కూడా నాకు తెలీదు. ఈ ఊరొచ్చి ఆ బురద వాసన చూడగానే నాకన్నీ గుర్తొచ్చాయి. ఇన్నాళ్లకి ఆయన బాకీ తీరుస్తన్నాననుకున్నా. నా చేతికేమో క్లిప్‌బోర్డు ఇచ్చారు.”

బ్లెస్సన్‌కు ఆ కథ తెలుసు. తాపీ ఇచ్చిన మనిషి సంగతి మాత్రం తెలియదు. ఎప్పుడూ అడగలేదు మరి.

“ఈ ఇల్లయ్యాక ఇంకా పదకొండు ఉన్నాయంట,” అన్నాడు షాలెం. “వేసవంతా ఉంటా. మీ అమ్మా ఉంటానంటే ఉంటది. ఆ తర్వాత మేమిద్దరం దివిసీమ పోతాం.”

“దివిసీమకా? ఎందుకు?”

“అక్కడ నేను మేస్త్రినే కాబట్టి. నీ ఇంటికి మళ్లీ ఇంజనీరుగా రాను. పోనీ నేనే చెప్పుకుందామంటే, ఆ అబద్ధం నాది కాదు. పుట్టించినోడివి నువ్వు. చెప్తే నువ్వు చెప్పాలి. చెప్పలేవా, మమ్మల్ని విమానం ఎక్కించు. నీ మీద కోపమేం లేదు.”

బ్లెస్సన్ తల్లి వైపు తిరిగాడు. అడ్డం చెప్తుందనుకున్నాడు. రాహేలమ్మ తువ్వాలు మడత పెట్టింది. మళ్లీ విప్పి, మళ్లీ మడత పెట్టింది.

దానర్థం అతనికి తెలుసు. ఇంట్లో ఆమె నోరు విప్పలేదంటే నిర్ణయం అయిపోయినట్టే.

*

ఆదివారం పదకొండింటికి ఫోన్ మోగింది. వీడియో కాల్.

మనిషి రాకపోతే ఏం, తెర మీద సన్మానం చేద్దాం అనుకున్నారట సంఘం వాళ్లు. రాత్రే జెన్సీ చెప్పింది. “నేను డ్యూటీ మార్చుకుని గుడికి వెళ్తున్నా. శాలువా నా దగ్గరే ఉంది. ఏం చేస్తారో మీ ఇష్టం” అని పెట్టేసింది.

బ్లెస్సన్ ప్లాస్టరు బకెట్ మీద ఫోన్ ఆనించాడు. చిన్న తెరలో అద్దెకు తీసుకున్న స్కూలు హాలు, నూట ఇరవైమంది, ముందు వరసలో శాలువా పెట్టె ఒళ్లో పెట్టుకుని జెన్సీ. చప్పట్లు మోగాయి.

“ప్రైజ్ ది లార్డ్! వందనాలు ఇంజనీరు గారూ!” అన్నారు పాస్టర్ గారు మైకులో. “ఇంకా పనిలోనే ఉన్నారే! ఎంత సాదాసీదా మనిషండీ! సంఘమా, చూడండి, ఇంజనీరై ఉండి కూడా తాపీ పట్టుకుని నిలబడ్డారు!”

మళ్లీ చప్పట్లు.

షాలెం ఫోన్ వైపు ఒకసారి చూశాడు. కొడుకు వైపు ఒకసారి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి గోడ పనిలో పడ్డాడు. రాహేలమ్మ గుమ్మంలో నిలబడింది. క్రెయిగ్‌కు తెలుగు ఒక్క ముక్క రాకపోయినా ఏదో జరగబోతోందని తెలిసినట్టుంది, సుత్తి పక్కన పెట్టాడు.

“నాన్నగారు సిగ్గుపడుతున్నారు,” అన్నారు పాస్టర్ గారు నవ్వుతూ.

“నాన్న కాదు అయ్యగారూ,” అన్నాడు బ్లెస్సన్. “నేను.”

నవ్వు ఆగింది. బ్లెస్సన్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

“మా నాన్న ఇంజనీరు కాదు. ఎప్పుడూ కాదు. మా నాన్న తాపీ మేస్త్రి. మా అమ్మ తట్ట మోసింది. మీ అందరికీ తొమ్మిదేళ్లుగా అబద్ధం చెప్పింది నేను. వాళ్లిద్దరూ నా పరువు కోసం నోరు మూసుకున్నారు. ఈ ఇంటి గోడలో తడి కనిపెట్టింది ఇంజనీరు చదువు కాదు, ముప్పై ఏడేళ్ల పని. నేను చదివిన ప్రతి అక్షరం వాళ్ల చేతి మీంచి వచ్చింది. అది చెప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. శాలువా కప్పితే మేస్త్రి షాలెం గారికి కప్పండి. లేకపోతే వద్దు.”

పాస్టర్ గారు బ్యానరు వైపు చూసి, మైకు కిందికి దించారు. ముందు వరసలో జెన్సీ కళ్లు తుడుచుకోవడం కనిపించింది.

గోడ మీద తాపీ చప్పుడు ఆగింది. షాలెం బల్ల మీంచి దిగి వచ్చాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. ప్లాస్టరు చెయ్యి. చొక్కా మీద తెల్లగా ఐదు వేళ్లూ పడ్డాయి. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

తర్వాత రెండో చేత్తో ఫోన్ అందుకున్నాడు.

“అందరికీ వందనాలండీ. నాకు మాట్లాడ్డం రాదు. ఒక్క విషయం చెప్తా. ఇక్కడ ఇంకా పదకొండిళ్లు ఉన్నాయి. శాలువాలు అక్కర్లేదు, చేతులు కావాలి. మీలో చేతి పని తెలిసినోళ్లు ఎవరన్నా ఉంటే లెగండి. తాపీ అయినా, వడ్రంగమైనా, ఏదైనా సరే.”

మేనేజర్లూ ఆఫీసర్లూ రిటైర్డ్ హెడ్ మాస్టర్లూ తప్ప మరొకరు లేని సంఘం అది. అందరూ ఒళ్లో చేతుల వైపు చూసుకున్నారు. పావు నిమిషం గడిచింది. అర నిమిషం గడిచింది. బ్లెస్సన్ ఇక ఫోన్ తీసుకుని ముగించేద్దామనుకున్నాడు.

మూడో వరసలో కుర్చీ చప్పుడైంది. తారాబాయి ఆంటీ లేచింది.

తండ్రి చేతిలోని ఫోన్ వైపు వంగాడు బ్లెస్సన్. ఇప్పుడు ఈవిడ ఏమడుగుతుందో! పక్కన ఆమె భర్త రామారావు గారు చీర కొంగు పట్టుకుని కూర్చోబెట్టబోయారు. ఆమె విడిపించుకుంది. మెల్లగా నడిచి వచ్చి పాస్టర్ గారి చేతిలోంచి మైకు తీసుకుంది. బంగారు ఫ్రేము కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుంది.

“పందొమ్మిదేళ్లు వచ్చేదాకా మా అమ్మతో కలిసి ఇళ్లకి సున్నాలేశాను,” అంది. “క్రిస్మస్ ముందు నెల్లాళ్లూ మాకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. నిచ్చెన మీంచి దిగితే ఇంకో నిచ్చెన. ఈ సంగతి ఈ దేశంలో ఒక్క మా ఆయనకే తెలుసు. మా అల్లుడికి కూడా తెలీదు.”

వెనక వరసలో ఆమె అల్లుడు విష్ణు లేచి నిలబడ్డాడు. హాలంతా అతని వైపు తిరిగింది. తారాబాయి తిరగలేదు. ఆమె చూపు తెర మీద ఉన్న షాలెం చేతుల మీదే ఉంది.

“మేస్త్రి గారూ, గోడలు బాగా ఆరాక ఒక్క ఫోన్ కొట్టండి,” అంది. “రంగులు నేనొచ్చి వేస్తా.”